నాలుగు నిమ్మకాయల నాణ్యత

శుభయాన మోటార్స్ వారి కారు ఏదైనా సరే, ఫ్యాక్టరీ గేటు దాటే ముందు నాలుగు నిమ్మకాయలు తొక్కాలి. తొక్కితే అది మంచి కారు. తొక్కకపోతే ఇంకోసారి తొక్కిస్తారు. నేను ఆ నిమ్మకాయల విభాగంలో పని చేస్తున్నాను.

మొదట్లో ఇలా ఉండేది కాదంటారు. కంపెనీ పెట్టిన పెద్దాయన, అంటే ఇప్పటి చైర్మన్ గారి నాన్నగారు, మొదటి కారు షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజు అందరూ కొత్త బండికి చేయించినట్టే పూజ చేయించారట. బానెట్ మీద పసుపూ కుంకుమా, ఒక బంతిపూల దండ, ముందు ఒక కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. బండి చక్రం ఒక్క చుట్టంత ముందుకు కదిలింది, కాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టి లడ్డూలు తిన్నారు. ఆ రోజుల్లో పూజ అనేది పరీక్షలన్నీ అయిపోయాక జరిగే ముచ్చట. దానికి ముందు కారుని నీళ్ళ తొట్టిలో దింపేవారు, గతుకుల మీద పరుగెత్తించేవారు. ఆఖరికి డ్రైవర్ కాలేషన్న దాన్ని రాపూరు ఘాట్ ఎక్కించి, అవతల చిట్వేలిలో టీ తాగి, మళ్ళీ దింపుకొచ్చేవాడు. దింపుకొచ్చి తాళం బల్ల మీద పెట్టి ఒక్క మాట అనేవాడు: "ఉంటాది" అనో, "ఉండదు" అనో. ఉండదంటే ఆ కారు తిరిగి షెడ్డులోకి పోయేది.

పెద్దాయన పోయాక వ్యయ నియంత్రణ కమిటీ వచ్చింది. మన జిల్లాలో వానలు పడేది ఏడాదిలో కొన్నాళ్ళే కాబట్టి నీళ్ళ తొట్టి అనవసరమని కమిటీ తేల్చింది. రోడ్ల మీది గతుకులు ప్రభుత్వ బాధ్యత కాబట్టి గతుకుల పరీక్ష తీసేసింది. మన కస్టమర్లలో ఎక్కువ మంది మైదాన ప్రాంతాల్లో ఉంటారు కాబట్టి ఘాట్ పరీక్ష ఆపేసింది. చివరికి పూజ దగ్గరికొచ్చింది. పెద్దాయన స్వయంగా మొదలుపెట్టిన దాన్ని కొట్టెయ్యడానికి కమిటీలో ఎవరికీ చెయ్యి రాలేదు. అలా అన్ని పరీక్షలూ పోయి పూజ మిగిలింది.

మరుసటి ఏడాది మద్రాసు నుంచి నాణ్యతా సర్టిఫికెట్ ఇచ్చే ఆయన వచ్చి, మీ తుది పరీక్ష ఏమిటని అడిగాడు. నాణ్యత చూసే జనరల్ మేనేజర్ విశ్వపతి గారు ఒక్క క్షణం కూడా తడబడకుండా ఆయన్ని పూజ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పొద్దంతా నిలబడి చూశాడు. ప్రతి కారుకీ అదే చోటు, అదే క్రమం, అదే ఫలితం. ఇంత నిష్ఠగా పరీక్ష జరిపే ఫ్యాక్టరీని తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, సర్టిఫికెట్ ఇచ్చి, ప్రసాదం పొట్లం కట్టించుకుని వెళ్ళాడు. సర్టిఫికెట్‌ని పటం కట్టించి పెద్దాయన ఫొటో పక్కన పెట్టారు. ఆ రోజు నుంచి పూజ చేసే యజ్ఞన్న పంతులు గారు డిప్యూటీ జనరల్ మేనేజర్ (తుది తనిఖీ) అయ్యారు. మెడలో రుద్రాక్షల మీద గుర్తింపు కార్డు వేసుకుని, వేలిముద్ర హాజరు వేసి మరీ మంత్రం మొదలుపెట్టేవారు. పూజ కొన్నవాళ్ళ క్షేమం కోసమే గానీ బండి బాగుందో లేదో చెప్పడానికి కాదని ఆయన ఒకసారి విశ్వపతి గారితో అన్నారు. కొన్నవాళ్ళ క్షేమాన్నే మా భాషలో నాణ్యత అంటారని విశ్వపతి గారు నచ్చజెప్పారు.

నేను ఉద్యోగానికి వచ్చింది ఆ తరవాత. ఇంటర్వ్యూలో మీ ఊళ్ళో ఏం పండుతాయని అడిగారు. నిమ్మతోటలు ఉన్నాయని చెప్పాను. మెకానికల్ డిప్లొమా చేశానని కూడా చెప్పబోయాను గానీ అప్పటికే వాళ్ళు సంతకాలు పెడుతున్నారు.

మా పని తేలికైనదే. గూడూరు మార్కెట్ నుంచి వచ్చిన కాయల్ని ఇనప రింగులో దూర్చి చూస్తాం. మరీ పెద్దవి, గట్టివి పక్కన పడేస్తాం. మిగతావి తుడిచి ట్రేలో పెట్టి పూజకి పంపుతాం. అక్కడ పంతులు గారు హారతి ఇస్తారు. స్టీరింగ్ దగ్గర కూర్చున్న కాలేషన్న బండి స్టార్ట్ చేసి చక్రం ఒక్క చుట్టు తిప్పి ఆపేస్తాడు. కాయలు చితికితే పంతులు గారు "శుభం" అని సంతకం పెడతారు.

ఇంజనీర్లు తెలివితక్కువ వాళ్ళు కారు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే చాలునని వాళ్ళకి త్వరలోనే అర్థమైంది. విశ్వపతి గారు ఆ విషయాన్నే సర్క్యులర్‌గా పంపారు: "ఏకభ్రమణ ప్రమాణమునకు ఆవశ్యకము కాని భాగములన్నియు అనుత్పాదక వ్యయముగా పరిగణింపబడును." ముందు పై గేర్లు పోయాయి. ఒక్క చుట్టులో ఇంజన్ వేడెక్కదు కాబట్టి రేడియేటర్ పోయింది. బ్రేకుల మీద కాస్త వాదన జరిగింది. నిమ్మకాయ చితకాలంటే బండి కదలాలి గానీ ఆగడం దేనికని ఒక వర్గం, బ్రేకు లేకపోతే చూడ్డానికి బాగుండదని ఇంకో వర్గం. చివరికి పెడల్ ఉంచి మిగతాది తీసేశారు. పెట్రోలు ట్యాంకు స్థానంలో ఇప్పుడు ఒక చిన్న డబ్బా ఉంటుంది.

పెద్దాయన పేరు మీద మొదట్లో కార్లు అమ్ముడుపోయాయి. తరవాత ఫిర్యాదులు వచ్చాయి. బండి వీధి చివర ఆగిపోయిందని ఒకరు, వీధి చివరి దాకా కూడా రాలేదని ఇంకొకరు. "మీ వాహనము మా తుది పరీక్షలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణమైనదని తెలియజేయుటకు సంతసించుచున్నాము" అని అందరికీ ఒకటే జవాబు వెళ్ళేది. కొన్నాళ్ళకి ఫిర్యాదులు తగ్గాయి. కొనేవాళ్ళు తగ్గడం వల్ల అవీ తగ్గాయని ఎవరూ అనలేదు. ఫిర్యాదులు తగ్గాయని మాత్రం బోర్డు మీద రాశారు.

యార్డు నిండా కార్లు నిలబడిపోయి, వాటి మధ్య గడ్డి మొలిచాక చైర్మన్ గారు అందరినీ పిలిచి కారణం అడిగారు. కారు సర్టిఫికెట్ ఉన్న కారు కాబట్టి లోపం కాయల్లో ఉండాలని విశ్వపతి గారు చెప్పారు. అందరూ తలలూపారు. దాంతో మా విభాగం పెరిగింది. పలచటి తొక్క, నిండు రసం, నలగడానికి సిద్ధంగా ఉండే కాయ కోసం పరిశోధన మొదలైంది. చల్లగది కట్టారు. ఇంజన్ల షెడ్డులో సగం మాకిచ్చేశారు. వార్షికోత్సవంలో చైర్మన్ గారు, ప్రపంచంలో మరే కార్ల కంపెనీకీ నిమ్మకాయల మీద మనకున్నంత పట్టు లేదని ప్రకటించారు. అది నిజమే. అంత మంచి కాయలు నేను మా ఊళ్ళో కూడా చూడలేదు.

కానీ కార్లు ఆ ఒక్క చుట్టు తిరగడానికీ మొరాయించడం మొదలుపెట్టాయి. కాలేషన్న తాళం తిప్పితే దగ్గి ఊరుకునేవి. పూజ చోట నేలని కొంచెం వాలుగా కట్టించి చూశారు. తరవాత విశ్వపతి గారు ఇంకా లోతుగా ఆలోచించి కాలేషన్నని పిలిపించారు. చక్రం ఒక్క చుట్టు తిరగాలన్నదే ప్రమాణమనీ, అది ఇంజన్ వల్ల తిరిగిందా మనుషుల వల్ల తిరిగిందా అన్నది ప్రమాణంలో లేదనీ చెప్పారు. ఇక నుంచి వెనక నుంచి నలుగురు తోస్తారు. పెట్రోలు కూడా మిగులుతుంది. వచ్చే నెల నుంచి డ్రైవర్ పోస్టు ఉండదు. కాలేషన్నని తోపుడు సిబ్బందిలోకి మారుస్తారు, ఇష్టం లేకపోతే ఇంటికి పంపుతారు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో కాలేషన్న నా ఎదురుగా కూర్చుని సాంబారన్నం కలిపిందే కలుపుతున్నాడు.

"తొయ్యలేక కాదు పాపా," అన్నాడు. "తోస్తా. కానీ మా ఇంటామె డ్రైవర్ని చేసుకున్నా అనుకుంటా ఉండాది. ఇప్పుడు పోయి ఏం చెప్పేది?"

"విశ్వపతి సారు ఇంకేమీ అనలేదా అన్నా?"

"అన్నాడు. బళ్ళారామె ఆర్డర్ ఇస్తే పోస్టు ఉంచుతాడంట. ఆమె బండ్లన్నీ ఘాట్ల మీద తిరిగేవి గదా, డ్రైవర్ లేకుండా చూపిచ్చేది ఎట్టా." ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఘాట్ ఎక్కి ఎన్నేండ్లయిందో. నా కాలు క్లచ్చిని మర్చిపోతుండాది పాపా."

బళ్ళారామె అంటే హంపమ్మ గారు. బళ్ళారిలో ఆమెకి ట్యాక్సీలు, హోటళ్ళు, బస్టాండుల్లో జ్యూస్ షాపులు ఉన్నాయి. పెద్దాయన కాలంలో ఆమె భర్త మా కార్లే కొనేవారట. ఆ అభిమానంతో, ట్యాక్సీలన్నీ మార్చే ముందు ఒకసారి చూసిపోదామని వస్తున్నారు. ఆ ఆర్డర్ వస్తే కంపెనీ నిలబడుతుందని అందరూ అనుకున్నారు. నేను మాత్రం కాలేషన్న స్టీరింగ్ నిలబడుతుందా అని చూస్తున్నాను.

ఆమె వచ్చిన రోజు గేటుకి మామిడాకులు కట్టారు. హంపమ్మ గారు వేరే కంపెనీ కారులోంచి దిగారు. ముతక నేత చీర, చేతిలో తమలపాకుల సంచి. చైర్మన్ గారు పూలగుత్తి ఇచ్చారు. విశ్వపతి గారు మా సంస్థ సమగ్ర నాణ్యతా సంస్కృతి గురించి మాట్లాడారు. పంతులు గారు ఆ రోజు మంత్రాలు ఇంకాస్త రాగంతో చదివారు. ఆమె చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, హారతి కళ్ళకద్దుకుని, ప్రసాదం తిన్నారు. వాలు సాయంతో బండి కదిలి కాయలు చితికాయి. అందరం చప్పట్లు కొట్టాం.

"పూజ బాగా చేసినారప్పా," అన్నారామె. "ఇంక బండి చూపీండి."

ఇదే బండి అనీ, పరీక్ష పూర్తయిందనీ విశ్వపతి గారు మనవి చేశారు. ఆమె చితికిన కాయల వైపు, కారు వైపు చూశారు. ఘాట్ మొదలయ్యే చోటు దాకా తనని ఈ కారులో తీసుకెళ్ళి తీసుకురమ్మన్నారు, అది చాలన్నారు.

చైర్మన్ గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. కాయల ట్రే పట్టుకుని నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఇన్నేళ్ళ అనుభవంలో నిమ్మకాయ ఉన్నచోట మన కారు కదిలిందనీ, కాబట్టి కారు కదలాలంటే నిమ్మకాయ ఉండాలనీ విశ్వపతి గారు వివరించారు. ఘాట్ దాకా కదలాలంటే ఘాట్ దాకా కాయలు ఉండాలి. చైర్మన్ గారు ఇంత సులువైన విషయానికి సమావేశం ఎందుకని కోప్పడ్డారు.

చల్లగది ఖాళీ చేసి, మా విభాగమంతా ఎండలో రోడ్డు మీద గొంతుక్కూర్చుని, చక్రాల ఎడం కొలుచుకుంటూ జతలు జతలుగా కాయలు పేర్చుకుంటూ పోయాం. కాసేపటికి వెనక నుంచి హారన్లు వినిపించాయి, ఆ తరవాత అవి కూడా ఆగిపోయాయి. నడి రోడ్డు మీద వరసగా నిమ్మకాయలు చూసి, ఎవరో ఘోరమైన దిష్టి తీసి పారేశారనుకుని, తొక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆర్టీసీ బస్సు డ్రైవర్ దిగి దండం పెట్టుకుని మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. గేదెలు మాత్రం ఒకటి రెండు కాయలు వాసన చూసి పోయాయి. ఎంత దిష్టి తీశారమ్మా, ఏం గాలి పట్టింది మీ ఫ్యాక్టరీకి అని బస్సులోంచి ఒక ముసలామె జాలిగా అడిగింది. మేము తరవాతి జత పేర్చాం.

కాలేషన్న స్టీరింగ్ దగ్గర, ఆయన పక్కన హంపమ్మ గారు కూర్చున్నారు. గేటు దగ్గర నేల వాలుగా ఉంటుంది కాబట్టి కారు బాగానే బయల్దేరింది. కాయలు టపటపా చితుకుతుంటే చైర్మన్ గారు నడుస్తూ చప్పట్లు కొట్టారు. కల్వర్టు దగ్గర వాలు అయిపోయింది. కారూ ఆగిపోయింది. ముందు ఇంకా కాయలు చాలా ఉన్నాయి. వాటిని చూసి విశ్వపతి గారు ఎండకి కాయల్లో రసం తగ్గినట్టుందని చెప్పారు.

హంపమ్మ గారు ఆయనకేసి చూడలేదు. కాలేషన్న వైపు తిరిగారు.

"నువ్వు చెప్పప్పా. ఈ బండ్లో నీ పెండ్లాం పిల్లల్ని కూసోబెట్టుకోని ఘాట్ ఎక్కుతావా?"

నేను కారు పక్కనే ఉన్నాను. కాలేషన్న రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. అవతల విశ్వపతి గారు నవ్వు ముఖంతో, ఔనన్నట్టు తలూపుతూ, ఎలా చెప్పాలో చూపిస్తున్నారు. ఒక్క "ఎక్కుతానమ్మా" అంటే పోస్టు ఉంటుంది. కాలేషన్నకి అది తెలుసు. నాకూ తెలుసు. ఆ ముసలామె బస్సు కిటికీలోంచి తల బయటపెట్టింది.

కాలేషన్న తాళం తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

"ఉండదమ్మా," అన్నాడు. "నేను ఎక్కిస్తా. బండి ఉంటే."

ఆమె తలూపి దిగారు. రోడ్డు మీంచి ఒక కాయ తీసుకుని, గోటితో గిల్లి వాసన చూసి, కొంగుతో తుడిచి సంచిలో వేసుకున్నారు. ఇంకోటి తీశారు. ఇవెక్కడివని అడిగారు. మా విభాగంవే అన్నాను. వారానికి ఒక లారీ ఆర్డర్ ఇస్తే పంపగలరా అని అడిగారు. నేను చైర్మన్ గారి వైపు చూశాను. ఆయన ఆర్డర్ అన్న మాట విని, దేనికని అడక్కుండానే చెయ్యి కలిపారు.

మర్నాడు బళ్ళారి ఆర్డర్ సాధించామని బోర్డు మీద రాశారు. ఆర్డర్‌ని చెడగొట్టే ప్రయత్నం చేసినందుకు కాలేషన్నని తుది తనిఖీ నుంచి తప్పించారు. తోపుడు పనికి కూడా పనికిరాడని తేల్చి, వేరే పని చూసేదాకా ఖాళీగా కూర్చోబెట్టారు.

ఇక కాయలు పంపాలి. ఏ సరుకైనా తుది పరీక్ష లేకుండా గేటు దాటకూడదని విశ్వపతి గారు గుర్తు చేశారు. తుది పరీక్ష ఒకటే ఉంది. కాబట్టి బళ్ళారి వెళ్ళే కాయలన్నిటినీ పూజ చోటికి తెచ్చి కార్ల కింద పెట్టారు. చితికిన కాయ ఉత్తీర్ణం, చితకనిది తిరస్కృతం. ఉత్తీర్ణమైన కాయల్ని చీపురుతో ఊడ్చి డబ్బాల్లో నింపి, సర్టిఫికెట్ అంటించి గోదాములో భద్రపరిచారు. కానీ మా కార్లు ఎక్కువగా కదలవు. తోపుడు సిబ్బందికి నడుములు పట్టేసేసరికి, రోజూ చాలా కాయలు పసుప్పచ్చగా, చెక్కుచెదరకుండా తిరస్కృతమై మిగిలిపోయేవి. తిరస్కృత సరుకుని ఫ్యాక్టరీలో ఉంచకూడదని రూలు. వెంటనే ఎక్కడికైనా దూరంగా తరలించాలి.

ఆ పని నీచమైనదని, చెయ్యడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఖాళీగా ఉన్నది కాలేషన్న ఒక్కడే. అద్దెకి ఒక లారీ తెచ్చి, తిరస్కృత సరుకు తొలగింపు అనే కొత్త పోస్టులో ఆయన్ని వేశారు. ఎంత దూరమని ఆయన అడిగాడు. కంపెనీ పరువు పోనంత దూరమని చెప్పారు. బళ్ళారి దాకా తీసుకెళ్తానన్నాడు. ఆయనకి తగిన శిక్షే పడిందని విశ్వపతి గారు అన్నారు.

మొదటిసారి, తిరస్కృతాలు నిజంగా జిల్లా దాటాయో లేదో చూసి రమ్మని నన్ను కూడా పంపారు. రాపూరు దాటాం. ఘాట్ మొదలవగానే కాలేషన్న చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. గేరు మార్చాడు. లారీ వాలుకి వంగి మూలిగి మళ్ళీ సర్దుకుంది. రెండో మలుపులో ఆయన తనలో తనే ఏదో గొణిగాడు, నాకు వినబడలేదు. వెనక కాయల వాసన వస్తోంది.

పైకి వెళ్ళేసరికి రోడ్డు పక్కన శుభయాన కారు ఒకటి బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. పక్కన భార్యాభర్తలిద్దరూ అరటిపళ్ళు తింటున్నారు. కాలేషన్న లారీ ఆపాడు. ఇంత దూరం ఎలా రాగలిగారని నేను అడిగాను. దారిలో ట్రాక్టర్ల వాళ్ళూ లారీల వాళ్ళూ తలా కాస్త లాక్కొచ్చారని భర్త చెప్పాడు. ఏ మాత్రం చిరాకు పడలేదు. తాడు వాళ్ళ డిక్కీలోనే ఉంది. కాలేషన్న కట్టి, రెండుసార్లు లాగి చూసి, కొండ దాటించి అవతల చిట్వేలిలో దింపాడు. నలుగురం అక్కడ టీ తాగాం. అంతకుముందే కొండ మలుపు దగ్గర కారాయన భార్య దిగి, లారీ లాగుతున్న తమ కారుని ఫోన్లో ఒక ఫొటో తీసుకుంది. తరవాత ఆమె దాన్నే కంపెనీకి ఫిర్యాదుగా పంపింది.

ఆ ఫొటో విశ్వపతి గారి దాకా వెళ్ళింది. ఘాట్ పరీక్ష ఆపేశాక ఘాట్ దాటిన మొదటి శుభయాన కారు అదేనని ఆయన లెక్క తేల్చారు. ఆదివారం పేపర్లో పేజీ నిండా ప్రకటన వచ్చింది. పైన కొండలు, కింద కారు, దాని కింద "శిఖరాలు మాకు కొత్త కాదు" అని అక్షరాలు. తాడు కనిపించకుండా చెరిపేశారు. లారీని కోసేశారు. కానీ అది గుండ్రంగా తిరిగే మలుపు కాబట్టి, లారీ ముందు భాగం తిరిగి కారు పక్కకే వచ్చి ఉంది. ఎంత కోసినా ఒక మూల డ్రైవర్ కిటికీలోంచి బయటికి ఆనించిన మోచెయ్యి మిగిలిపోయింది.

కాలేషన్న ఆ పేపరు కొన్నాడు. కారుని, కొండల్ని, అక్షరాల్ని కత్తిరించి పారేశాడు. మోచెయ్యి ఉన్న ముక్కని మాత్రం ఇంటికి తీసుకెళ్ళాడు. మొన్న నేను వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళావిడ గోడ మీద అంటించిన ఆ ముక్క చూపించి, మా ఆయన డ్రైవరని నాకు చెప్పింది.